డాబా మీద 3 కిలోవాట్ల సోలార్: కొటేషన్ నుంచి నెట్ మీటర్ దాకా నా అనుభవం

తెనాలిలో మా డాబా మీద సోలార్ బిగించడానికి పనివాళ్లకు పట్టింది రెండు రోజులే. దానికి ముందూ వెనకా ఇంటివాళ్లం చూసుకోవాల్సింది మాత్రం చాలా ఉంది. ఎవరు ఫోన్ చేసినా ఏ కంపెనీ ప్యానెళ్లు, ఏ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) అనే అడుగుతున్నారు. మేము చూసినంతలో మంచీచెడ్డా తేలేది అక్కడ కాదు. కరెంటు బిల్లు మీది పేరు దగ్గర, ట్యాంకు నీడ దగ్గర, ప్యానెళ్ల స్టాండు కాళ్లు బిగించిన తీరు దగ్గర, స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీస్ వైరు దగ్గర. అందుకే వాటి గురించే వివరంగా రాస్తున్నాను.

ముందు ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోవాలి. పన్నెండు నెలల బిల్లులు తీసి యూనిట్లు కూడి 12తో భాగించండి. మే నెల బిల్లొక్కటే చూసి లెక్క వేయకూడదు, ఏసీ వాడకం వల్ల అది పెద్దదిగా కనిపిస్తుంది. మన ప్రాంతంలో నీడ లేని డాబా మీద ఒక కిలోవాట్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే 3 కిలోవాట్లకు నెలకు సుమారు 360.

డబ్బు లెక్క స్లాబుల మీద ఆధారపడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు రూ.1.90, తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. నెలకు 400 యూనిట్లు కాల్చే ఇంటికి ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ఖర్చు, రూ.2,548 అవుతుంది. సోలార్ 360 యూనిట్లు తీసేస్తే మిగిలే 40 యూనిట్లకు రూ.87. అంటే నెలకు రూ.2,461 ఆదా. అదే 200 యూనిట్ల ఇల్లయితే మొత్తం ఎనర్జీ చార్జీయే రూ.867, అంతకు మించి ఆదా చేయడానికి ఏమీ లేదు. సోలార్ ముందు తగ్గించేది పై స్లాబులోని ఖరీదైన యూనిట్లను. మాకు 3 కిలోవాట్లకు వచ్చిన కొటేషన్లు రూ.1,75,000 నుంచి రూ.2,20,000 దాకా ఉన్నాయి. రూ.2 లక్షలు అనుకుని రూ.78,000 సబ్సిడీ తీసేస్తే చేతి నుంచి పడేది రూ.1,22,000. 400 యూనిట్ల ఇంటికి అది నాలుగేళ్లు దాటాక తిరిగొస్తుంది. 200 యూనిట్ల ఇంటికి 2 కిలోవాట్లు చాలు, అయినా సబ్సిడీ పోను రూ.80,000 పడితే ఎనిమిదేళ్ల దగ్గరికి వస్తుంది. పక్కింటివాళ్లు 3 పెట్టించారని మనమూ 3 పెట్టించుకోవడం దండగ. వాడకానికి మించి తయారైన కరెంటుకు డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర, మనం పై స్లాబులో కొనే ధరకు దరిదాపుల్లో ఉండదు.

సబ్సిడీ పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కింద వస్తుంది. పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ.30,000, మూడో కిలోవాట్‌కు రూ.18,000. 3 దాటి ఎంత పెట్టినా రూ.78,000తో ఆగిపోతుంది. ప్యానెళ్లు డీసీఆర్ రకమే అయి ఉండాలి, అంటే లోపల కరెంటు పుట్టించే సెల్‌తో సహా మన దేశంలో తయారైనవి. డీసీఆర్ కానివి చవక కాబట్టి కొటేషన్ తక్కువగా కనిపిస్తుంది, సబ్సిడీ మాత్రం రాదు. అందుకని కొటేషన్‌లో ‘డీసీఆర్’ అన్న మాట, ప్యానెల్ మోడల్ నంబరు, వాట్లు రాయించుకోండి. సరుకు దిగిన రోజే ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబరు గాజు లోపల ఉండాలి, పైన అతికించిన స్టిక్కర్‌ను నమ్మకండి. సోలార్ పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు వేసిన పాత కొటేషన్ ఎవరైనా చూపిస్తే ఆ తేడా అడగండి.

ఎక్కువ ఇళ్లలో పని ఆగిపోయేది కాగితాల దగ్గరే. కరెంటు సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదో, ఇల్లు అమ్మినవాళ్ల పేరు మీదో ఉంటుంది. దరఖాస్తు చేసేవారి పేరు, బిల్లు మీది పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటి కాకపోతే సబ్సిడీ చివరి మెట్టులో ఇరుక్కుంటుంది. ప్యానెళ్లు బిగించాక పేరు మార్పు మొదలుపెడితే రెండు పనులూ చిక్కుపడతాయి. కాబట్టి ముందు పేరు మార్పు చేయించి, కొత్త పేరుతో ఒక బిల్లు చేతికొచ్చాకే పీఎం సూర్యఘర్ పోర్టల్ తెరవండి. ఇంటిపేరు ముందా వెనకా, పొట్టి అక్షరాలా పూర్తి పేరా అన్నది కూడా ఆధార్‌తో సరిచూసుకోవాలి. బిల్లు బకాయిలేమైనా ఉంటే కట్టేయాలి.

పోర్టల్‌లో వరస ఇలా ఉంటుంది. రాష్ట్రం, డిస్కమ్, సర్వీస్ నంబరు, మొబైల్ నంబరుతో నమోదు. తర్వాత కిలోవాట్లు రాసి, ఇటీవలి బిల్లు పెట్టి దరఖాస్తు. డిస్కమ్ దగ్గర నమోదైన వెండార్లలో ఒకరిని ఎంచుకోవడం, ఒప్పందం. బిగింపు అయ్యాక సీరియల్ నంబర్లు, ఫోటోలు ఎక్కించడం. నెట్ మీటర్ (మనం తెచ్చుకున్న కరెంటును, బయటికి పంపిన కరెంటును విడివిడిగా లెక్కించేది), తనిఖీ, కమిషనింగ్ రిపోర్టు. ఆఖరున రద్దు చేసిన చెక్కుతో బ్యాంకు వివరాలు. వెండార్ మనిషి ‘మీ ఫోన్ ఇవ్వండి, నేనే చేసేస్తా’ అంటాడు. లాగిన్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి, ఏ మెట్టులో ఆగిందో మీకే తెలియాలి. 2024లో సవరించిన నియమాల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదు. శాంక్షన్డ్ లోడ్ (మన సర్వీసుకు డిస్కమ్ మంజూరు చేసిన లోడ్) ఒకటి రెండు కిలోవాట్లే ఉన్నా డిస్కమ్ దాన్ని పెంచుతుంది. లోడ్ పెరిగితే ఫిక్స్‌డ్ చార్జీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. సోలార్ పెట్టినా బిల్లు సున్నాకు రాకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఇక డాబా సంగతి. 540 వాట్ల ప్యానెల్ పొడవు దాదాపు 2.28 మీటర్లు, వెడల్పు 1.13 మీటర్లు, బరువు 28 కిలోల ప్రాంతం. ఆరు పెడితే 3.24 కిలోవాట్లు. రెండు వరసల్లో మూడేసి చొప్పున పరిస్తే సుమారు 3.4 మీటర్లకు 4.6 మీటర్లు పడుతుంది. చుట్టూ మనిషి తిరిగే జాగాతో కలిపి 300 చదరపు అడుగులు అనుకోండి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీలు. తెనాలి అక్షాంశం 16 డిగ్రీలు కాబట్టి ఆ వాలు సరిపోతుంది, పైగా వాన పడితే దుమ్ము కారిపోతుంది. చదునుగా పరిస్తే కింది అంచున మట్టి పేరుకుని, అక్కడి సెల్స్ పని తగ్గుతుంది.

నీడను చలికాలంలో కొలవాలి. డిసెంబర్‌లో మధ్యాహ్నం పన్నెండుకు కూడా సూర్యుడు మా ఊళ్లో దక్షిణం వైపు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ప్యానెల్ మట్టం కంటే 2 మీటర్లు ఎత్తున్న ట్యాంకు నీడ అప్పుడు ఉత్తరంగా 1.7 మీటర్లు సాగుతుంది. పొద్దున తొమ్మిదికి వాయవ్యంగా 3.4 మీటర్ల దాకా పోతుంది. వేసవిలో ఇది కనిపించదు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరానే ఉంటాడు. వేసవిలో వచ్చి చూసిన మనిషి ‘నీడేమీ లేదండీ’ అన్నాడంటే అబద్ధం కాదు, అప్పటికి నీడ లేదు. ట్యాంకు, మెట్ల గది, పక్కవాళ్ల కొబ్బరిచెట్టు ప్యానెళ్లకు దక్షిణాన ఉంటే ఈ లెక్క వేసుకుని జరపండి. ప్యానెళ్లు వరసగా తీగకు పూసలు గుచ్చినట్టు కలిపి ఉంటాయి కాబట్టి ఒక దాని మీద పడిన నీడ దానితో పోదు, మిగతావాటి మీదా ప్రభావం చూపుతుంది. బట్టల దండెం నీడ కూడా రోజూ అదే చోట పడుతుంటే తేడా తెలుస్తుంది. మేము దండెం ఉత్తరం వైపుకు మార్చాం.

కాళ్ల ఎత్తు విషయంలో ఇంట్లో ఆడవాళ్ల మాట వినడం మంచిది. తక్కువ ఎత్తులో కడితే ఖర్చు తగ్గుతుంది, కానీ డాబా సగం పోతుంది. ఒడియాలు పెట్టుకోవాలి, మిరపకాయలు ఎండబెట్టుకోవాలి, వేసవి రాత్రుళ్లు పడుకోవాలి. మనిషి నిలబడే ఎత్తున కడితే కింద జాగా అలాగే ఉంటుంది, గాలి ఆడి ప్యానెళ్లు కూడా కొంచెం చల్లగా ఉంటాయి. అయితే ఎత్తు పెరిగే కొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి. మన కోస్తాలో కట్టడాలకు తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో ఒత్తిడి చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల వరకూ వస్తుంది. ఆరు ప్యానెళ్ల వైశాల్యం 15 చదరపు మీటర్ల పైమాటే, అంటే స్థూలంగా 2 టన్నులకు పైగా బలం వాటిని ఎత్తేయడానికి చూస్తుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మ బరువు 68 కిలోలు. ఆరు కాళ్లకు ఆరు పెట్టినా 400 కిలోలే. కాబట్టి దిమ్మ బరువే పట్టుకుంటుందనుకోవడం తప్పు, కాలు భవనానికి కట్టుబడి ఉండాలి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్‌లో విశాఖను ఎలా చేసిందో చూసినవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

కాలు ఎక్కడ పాతాలి? అయిదంగుళాల శ్లాబు మందం 125 మిల్లీమీటర్లు. అందులోకి 100 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే కింద మిగిలేది అంగుళమే, ఒక్కోసారి కింది గది సీలింగ్ పెచ్చు ఊడుతుంది, వానాకాలం ఉరుస్తుంది. అందుకే కాళ్లు దూలాల మీద, స్తంభాల తలల మీద వచ్చేలా గీత గీసుకోవాలి. పై అంతస్తు కోసం వదిలిన కమ్ములు ఉంటే ఇంకా మేలు, వాటికి కట్టి దిమ్మ పోయవచ్చు. రంధ్రం వేయక తప్పని చోట లోపలి దుమ్ము పూర్తిగా ఊది, కెమికల్ యాంకర్ (బోల్టును కాంక్రీటుకు పట్టించే జిగురు) పోసి, అది గట్టిపడ్డాకే బోల్టు బిగించాలి. పైన దిమ్మ పోసి దాని అంచుకు వాటర్‌ప్రూఫింగ్ పూయించాలి.

ఇనుము హాట్ డిప్ గాల్వనైజింగ్ చేసినదై, అంటే కరిగిన జింకులో ముంచి తీసినదై ఉండాలి, పూత 80 మైక్రాన్లు. డాబా మీదే కోసి వెల్డింగ్ చేస్తే అక్కడి జింకు పూత కాలిపోయి, రెండు వానాకాలాలకే తుప్పు కారుతుంది. అందుకని బోల్టులతో కలిపే స్ట్రక్చర్ అడగండి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. వెల్డింగ్ తప్పకపోతే ఆ చోట జింకు పెయింటు రెండు పూతలు వేయించండి.

వైరింగ్‌లో చూడాల్సినవి కొన్నే. ప్యానెళ్ల నుంచి దిగేది 4 చదరపు మిల్లీమీటర్ల డీసీ కేబుల్, ఎండకు తట్టుకునే రకం. ఆరు ప్యానెళ్ల వరస ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే కరెంటు పారనప్పుడు ఉండే వోల్టేజ్, దాదాపు 300 వోల్టులు. ఎండ ఉన్నంతసేపు స్విచ్ కట్టేసినా ప్యానెల్ వైపు ఆ వోల్టేజ్ ఉంటుంది కాబట్టి ఇంటి ఎలక్ట్రీషియన్‌ను కూడా ఆ కేబుల్ ముట్టుకోనివ్వకండి. కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన జాయింటు కొన్ని నెలలకు వేడెక్కి కరుగుతుంది. ఎర్తింగ్ గుంతలు మూడు: పిడుగు కడ్డీకి ఒకటి, ప్యానెళ్లకూ స్ట్రక్చర్‌కూ ఒకటి, ఏసీ వైపు ఒకటి. ఖర్చు కోసం మూడూ ఒకే గుంతలో కలపనివ్వకండి. మీటరుతో కొలిపించి 5 ఓమ్‌ల లోపు ఉందో చూడండి, వేసవిలో గుంతల్లో నీళ్లు పోయండి. ఇన్వర్టర్‌ను పడమటి గోడకు ఎండలో బిగిస్తే వేడికి తనంతట తానే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. మెట్ల కింద గాలి ఆడే చోటు మంచిది.

ఇంట్లో ఇదివరకే బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే దాని అవుట్‌పుట్ లైనుకు సోలార్‌ను ఎట్టిపరిస్థితిలోనూ కలపకూడదు. సోలార్ కరెంటు మెయిన్ బోర్డు దగ్గర, మీటరు తర్వాత కలవాలి. బ్యాటరీ ఇన్వర్టర్ తన పాత లైట్లు, ఫ్యాన్లు మాత్రమే చూసుకుంటుంది. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం అయినా సరే. లైనుమీద పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి కరెంటు ఎదురెళ్లి తగలకుండా ఉండడానికే అలా చేశారు. ఇది ముందే తెలియక ‘ఇంత పెట్టి కోతలు తప్పలేదే’ అని బాధపడిన ఇళ్లు చాలా ఉన్నాయి. కోతల కోసమే అయితే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, ఖర్చు వేరే.

బిగింపు అయిన సాయంత్రమే వెండార్ ‘టెస్టింగ్‌కు ఆన్‌లో పెడుతున్నాం’ అంటాడు. పది నిమిషాలు చూసి ఆపించేయండి. నెట్ మీటర్ పడకముందు పాత మీటరే ఉంటుంది. చాలా ఎలక్ట్రానిక్ మీటర్లు బయటికి వెళ్లిన కరెంటును కూడా వాడకంగానే లెక్కిస్తాయి. నెల రోజులు అలా నడిస్తే సోలార్ లేనప్పటి కంటే బిల్లు ఎక్కువ వస్తుంది. నెట్ మీటర్ పెట్టిన రోజు మధ్యాహ్నం ఇంట్లో అన్నీ ఆపి, ఎక్స్‌పోర్ట్ (బయటికి పంపిన) అంకె కదులుతోందా, ఇంపోర్ట్ (తెచ్చుకున్న) అంకె నిలిచి ఉందా చూసుకోండి. రెండూ తారుమారైతే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి, ఫోటోలతో సహా.

తర్వాత వచ్చే పెద్ద అయోమయం అంకెలది. ఇన్వర్టర్ యాప్‌లో 360 యూనిట్లు తయారైనట్టు ఉంటుంది, మీటరులో ఎక్స్‌పోర్ట్ 210 ఉంటుంది. 150 ఎవరో కొట్టేశారని కాదు, అవి పగలు మన ఇంట్లోనే ఖర్చయ్యాయి. ఇంపోర్ట్ 250 అనుకుంటే ఇంటి మొత్తం వాడకం 250కి 150 కలిపి 400. బిల్లు పడేది 250 లోంచి 210 పోగా 40కి.

ఇందులోంచే ఇంకో సంగతి. వాషింగ్ మెషీన్, మోటారు, గ్రైండర్ అన్నీ ఎండలోనే వేయమని అందరూ చెబుతారు. నెట్ మీటరింగ్‌లో పగలు ఇచ్చిన యూనిట్, రాత్రి తెచ్చుకున్న యూనిట్ సమానంగా కొట్టేసుకుంటాయి. కాబట్టి బిల్లు కోసం పనుల వేళలు మార్చుకుని ఇంట్లోవాళ్లను తిప్పలు పెట్టక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది మొత్తం వాడకం విషయంలో. బిల్లు తగ్గగానే రెండో ఏసీ వస్తుంది, ఇండక్షన్ పొయ్యి వస్తుంది, గీజరు ఆపడం మర్చిపోతారు. 400 యూనిట్ల ఇల్లు 600కి చేరితే సోలార్ పోను మళ్లీ 240 యూనిట్ల బిల్లు వస్తుంది.

ఎండ మండే మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగి ‘గ్రిడ్ ఓవర్‌వోల్టేజ్’ చూపిస్తే ఇన్వర్టర్ చెడిందనుకోకండి. 3 కిలోవాట్లు బయటికి వెళ్లేటప్పుడు వైరులో 13 ఆంపియర్లు పారుతుంది. స్తంభం 30 మీటర్ల దూరంలో ఉండి సర్వీస్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే, రానూ పోనూ కలిపి ఆ వైరులోనే 9 వోల్టులు తేడా వస్తుంది. ఆ మేర ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ పెరిగి, హద్దు దాటగానే ఆగిపోతుంది. 10 చదరపు మిల్లీమీటర్లదైతే తేడా రెండు వోల్టుల చిల్లరే. ఉత్పత్తి ఉన్నప్పుడొకసారి, ఇన్వర్టర్ ఆపి ఒకసారి మెయిన్ బోర్డు దగ్గర మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే వైరు సన్నం, లేదా స్తంభం దగ్గర జాయింటు వదులు. తేడా లేకుండా ఎప్పుడూ ఎక్కువే ఉంటే అది ట్రాన్స్‌ఫార్మర్ వైపు సంగతి, డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టాలి.

‘3.24 కిలోవాట్లు పెట్టాం, యాప్‌లో రెండున్నర దాటదేం’ అన్న సందేహం ప్రతి ఇంటా వస్తుంది. ప్యానెల్ మీది వాట్లు సెల్ 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మా ఎండలో సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకు 14 శాతం అక్కడే పోతుంది, పైన దుమ్ము, ఇన్వర్టర్ నష్టం కలుస్తాయి. మే కంటే మార్చిలో ఒక్కోరోజు ఎక్కువ రావడానికి కారణం ఇదే.

కడగడం పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే గాజు పగిలే ప్రమాదం ఉంది. ఉప్పు బోరు నీళ్లు ఎండాక తెల్ల పొర కడతాయి, ఆర్వో వదిలే నీళ్లు అంతకంటే చెడ్డవి. మున్సిపల్ నీళ్లో వాన నీళ్లో వాడి, మెత్తటి గుడ్డ కట్టిన కర్రతో తుడిస్తే చాలు. సబ్బు పొడి వద్దు. వేసవిలో పదిహేను రోజులకోసారి, వానాకాలంలో పిట్టల రెట్టలు కనిపించినప్పుడు. ఏసీ, డీసీ డబ్బాల్లో ఉండే సర్జ్ ప్రొటెక్టర్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజ్ నుంచి కాపాడేది) చిన్న కిటికీ ఆకుపచ్చగా ఉందో లేదో ఉరుములు మెరుపుల తర్వాత చూడండి. ఎర్రబడితే అది తన పని చేసి అయిపోయిందన్నమాట, మార్చాలి.

నెలనెలా యాప్‌లోని ఉత్పత్తిని క్యాలెండర్ మీద రాసిపెడుతున్నాం. పోల్చాల్సింది నిన్నటి నెలతో కాదు, నిరుటి ఇదే నెలతో. పదో వంతు తగ్గితే ముందు కడిగి చూడండి. మారకపోతే పొద్దున తొమ్మిదికి, సాయంత్రం మూడుకి డాబా ఎక్కి, పక్కింటి వేపకొమ్మ ఏ ప్యానెల్ దాకా పెరిగిందో చూసుకోండి.